తోడు ఫ్రేమ్ బయట ఉండొచ్చు

ఆ శనివారం మధ్యాహ్నం సింగపూర్‌లో, బెడోక్‌లోని ఆంటీ ఇంట్లో ఉన్నవి: భోజనాల బల్ల, దాని మీద ఆఫీసు లాప్‌టాప్, చిన్న మైకు, తెల్లకాగితాల కట్ట, నల్ల స్కెచ్ పెన్ను, ఫ్లాస్కులో చాయ్, ప్లేట్లో ఉస్మానియా బిస్కెట్లు. ఉన్నవాళ్లు: ఆంటీ, నేను.

అవతలి వైపు, అఫ్ఘానిస్తాన్‌లో ఒక ఊళ్లో, ఒక ఇంటి వెనకగదిలో ఉన్నవి: ఐదు లాప్‌టాప్‌లు, ఒక పెద్ద బ్యాటరీ, రెండు కుట్టుమిషన్లు, వాటిలో తిరిగేది ఒకటే. వీధి తలుపు చప్పుడైతే లాప్‌టాప్‌ల మీద కప్పడానికి కత్తిరించి పెట్టుకున్న గుడ్డలు. గుమ్మానికి పరదా. ఉన్నవాళ్లు: తొమ్మిది మంది ఆడవాళ్లు. పరదా అవతల కుర్చీలో ఒక ముసలాయన.

లేనివి: కెమెరా, నా గొంతు, పేర్లు.

వాళ్ల పేర్లు నాకు అప్పుడూ తెలియవు, ఇప్పుడూ తెలియవు. మా సిస్టంలో వాళ్లకు ఒకటి నుంచి తొమ్మిది దాకా నంబర్లుండేవి. పరాయివాళ్ల ముందు ఇంటి ఆడవాళ్ల పేరు పలకకపోవడం అక్కడ పాత ఆచారం. ఇప్పుడు అది వాళ్లకు రక్షణ కూడా. అందుకని ఇందులో ఎవరి పేరూ రాయను, నావైపు వాళ్లవి కూడా. ఒక వైపే దాచడం బాగుండదు.

నేను తంజోంగ్ పగార్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తాను. కంప్యూటరుకు చూడటం నేర్పాలంటే ముందు మనుషులు కూర్చుని వేల ఫొటోలు చూసి, ఇది మనిషి, ఇది సైకిలు, ఇది స్తంభం అని గీతలు గీసి చెప్పాలి. ఆ గుర్తులు సరిగ్గా పెట్టారో లేదో చూడటం నా ఉద్యోగం. అప్పుడు మా చేతిలో ఉన్నది సిగ్నల్ లైట్ల పని. రోడ్డు దాటే మనుషుల్ని బట్టి పచ్చబొమ్మ ఎంతసేపు వెలగాలో తనే తేల్చుకునే లైటు. బెడోక్, తంజోంగ్ పగార్, బూన్ లేలలో క్రాసింగుల దగ్గర స్తంభాల మీంచి తీసిన ఫొటోలు వచ్చేవి. ఒక్కో మనిషి చుట్టూ ఒక పెట్టె గీయాలి. దానికి కొన్ని వివరాలు తగిలించాలి: ఆడా మగా, చిన్నా పెద్దా, చేతికర్ర ఉందా, చక్రాల కుర్చీయా, ఒంటరా, తోడు ఉందా. చివరిది ముఖ్యమైనది. తోడుతో దాటే ముసలమ్మకు చాలే సమయం, ఒంటరిగా దాటే ముసలమ్మకు చాలదు.

ఆ పెట్టెలు గీసేవాళ్లే ఆ తొమ్మిది మంది. ఇంకో దేశంలో ఉన్న మధ్యవర్తి ఒకాయన ద్వారా మాకు కుదిరారు. వాళ్లలో నాలుగో నంబరు సూపర్వైజరు. ఆమె సివిల్ ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతుండగా అక్కడ ఆడపిల్లలకు యూనివర్సిటీలు మూసేశారు. చిన్నతనం పాకిస్తాన్‌లో శరణార్థిగా గడిచింది కాబట్టి ఉర్దూ బాగా వచ్చు, ఇంగ్లిష్ రాయడం వచ్చు. ఆ ఇల్లు వాళ్ల నాన్నది. పరదా అవతల కుర్చీలో కూర్చునేది ఆయనే. మిగతా ఎనిమిది మంది చుట్టుపక్కల సందుల్లోంచి, అన్ననో భర్తనో వెంటబెట్టుకుని వచ్చేవాళ్లు. దగ్గరి బంధువైన మగవాడు లేకుండా బయట కనబడితే గస్తీవాళ్లు ఆపి అడుగుతారు. ఊరివాళ్ల దృష్టిలో అది కుట్టుపని గది. బడి, కాలేజీ, ఉద్యోగం, పార్కు అన్నీ అయిపోయాక, సొంత ఇల్లు కాకుండా వాళ్లు కాలుపెట్టగల చోటు ఆ ఊళ్లో అదొక్కటే మిగిలింది. మా పని ఉన్నంతకాలం ఆ గది ఉంటుంది. పని పోతే గది కూడా పోతుంది. ఈ సంగతి నాలుగో నంబరు మొదట్లోనే, ఏదో ఫైలు సైజు గురించి చెప్పినట్టు, ఒక వాక్యంలో రాసి పెట్టింది.

వాళ్ల పెట్టెలు చాలా బాగుండేవి. గొడుగు అంచు దగ్గర, సంచీ పట్టీ దగ్గర గీత వెంట్రుకంత కూడా పక్కకు పోయేది కాదు. పని చేసే స్క్రీన్ మీదే వ్యాఖ్యల పెట్టె ఒకటి ఉంటుంది. మా మధ్య రాతకోతలన్నీ అందులోనే. నాలుగో నంబరు అందులో అడిగేవి నాకు ఇష్టంగా ఉండేవి. "ఈ క్రాసింగ్ దగ్గర ఫుట్‌పాత్ అంచు పల్లంగా ఉంది. చక్రాల కుర్చీ కోసమని అర్థమైంది. వానొస్తే నీళ్లు అక్కడే నిలవవా?" నాకు తెలియదు. ఆ రోజు వాన కురిసింది కూడా. ఇంటికెళ్తూ బూన్ లేలో దిగి చూశాను. కొంచెం నిలిచాయి. అదే రాశాను. "అనుకున్నాను," అని జవాబు.

తప్పు ఎక్కడ దొరికిందంటే, ఒంటరి–తోడు దగ్గర. బ్యాచ్ తర్వాత బ్యాచ్ ఆ ఒక్క వివరమే దెబ్బతింటోంది. మొదట ఏదో అజాగ్రత్త అనుకున్నాను. తప్పుల్ని విడదీసి పేర్చుకుంటే, అన్నీ ఆడవాళ్ల చుట్టూ గీసిన పెట్టెల్లోనే ఉన్నాయి. మగవాళ్ల విషయంలో ఒక్క పొరపాటూ లేదు.

ఒక ఫొటోలో చక్రాల సంచీ లాక్కుంటూ ఒక చైనీస్ ఆంటీ. పక్కన హెల్మెట్ చంకలో పెట్టుకున్న బంగ్లాదేశ్ కూలీ. ఆమెకు "తోడు ఉంది" అని గుర్తు. ఇంకో దాంట్లో స్కూలు యూనిఫాంలో పిల్ల, రెండు గజాల వెనక ఫోను చూసుకుంటున్న పెద్దాయన. తోడు ఉంది. ఆఫీసు దుస్తుల్లో ఒకామె, ఆ పక్కన ఫుడ్ డెలివరీ సైకిలబ్బాయి. తోడు ఉంది. మగవాడు ఎవరూ కనబడని ఫొటోల్లో మాత్రం "ఒంటరి" అని పెట్టి, దాని పక్కన సందేహం గుర్తు కూడా పెట్టేవాళ్లు. ఎందుకు సందేహమో వ్యాఖ్యల పెట్టెలో ఒకే మాట: తోడు ఫ్రేమ్ బయట ఉండొచ్చు.

దాన్ని నేను చాలాసార్లు చదివాను.

నియమాల కాగితంలో సంగతి స్పష్టంగానే ఉంది: తోడు అంటే కలిసి నడుస్తున్న మనిషి. మళ్లీ పంపాను. అర్థమైందని తొమ్మిది మందీ ఒప్పుకున్నారు. తర్వాతి బ్యాచ్ కూడా అలాగే వచ్చింది.

మా మేనేజరు గుంటూరాయన. నా రిపోర్టు తెరిచి పెట్టుకుని పిలిచాడు.

"ఏంటయ్యా ఇది? పెట్టెలు అంత నీటుగా గీసేవాళ్లకి పక్కన మనిషున్నాడో లేడో కనపడట్లేదా? కళ్లజోళ్లు కొనిచ్చేదా?"

"మగవాళ్ల దగ్గర కరెక్టుగానే పెడుతున్నారు సార్. ఆడవాళ్ల దగ్గరే పోతోంది."

"అదేం జబ్బు?"

చెప్పాను. కుర్చీ వెనక్కి వాల్చి కాసేపు పైకి చూశాడు.

"మా అమ్మ కూడా అంతే. టీవీలో ఏ ఇద్దరు పక్కపక్కన నిలబడినా మొగుడూ పెళ్లాలే అంటది. వార్తలు చదివేవాళ్లని కూడా వదల్లేదు." నవ్వి, వెంటనే ఆపేశాడు. "చూడు తమ్ముడూ, క్లయింటుకి ఇవన్నీ చెప్పలేం. వాళ్లకి అంకె కావాలి. వచ్చే బ్యాచ్ కూడా కింద పడితే పని ఇంకో దేశం టీముకి వెళ్లిపోద్ది. నాకు సరదా అయి కాదు."

రాసి చెప్తే పని జరగడం లేదు. మాట్లాడి చెప్పాలి. కానీ ఆ ఇంటి షరతులు రెండు: కెమెరా ఉండకూడదు, స్పీకరులోంచి పరాయి మగాడి గొంతు వినబడకూడదు. షరతులు పెట్టింది నాలుగో నంబరు నాన్న. పక్కింటి గోడ అవతల వినేవాళ్లున్నప్పుడు ఆయన మాత్రం ఏం చేస్తాడు? కాబట్టి ఉర్దూ వచ్చిన ఆడమనిషి కావాలి.

సింగపూర్ వచ్చిన మొదటి ఏడు నేను బెడోక్‌లో ఒక హైదరాబాద్ కుటుంబం ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకున్నాను. ఆ ఇంటి ఆంటీ పాతబస్తీ మనిషి. అంకుల్ పోయాక కూడా ఇక్కడే ఉండిపోయింది. చుట్టుపక్కల పిల్లలకు ఉర్దూ చదవడం నేర్పుతుంది. నాది వరంగల్ తెలుగు, ఆమెది చార్మినార్ తెలుగు. ఇప్పుడు నేనుండే బూన్ లే నుంచి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను.

"కంప్యూటర్ పని నాతోటి అయితదా బేటా? వాట్సాప్‌లనే తప్పు బటన్ నొక్కుత."

"మాట్లాడితే చాలు ఆంటీ."

"మాట్లాడుడా? అది మస్తుగ చేస్త. శనివారం రా. ఖాళీ కడుపుతోటి రా."

అట్లా ఆ బల్ల దగ్గరికి వచ్చాం. మాటలు ఉర్దూలో, వింటే నాకు అర్థమవుతుంది. నేను చెప్పదలచింది స్కెచ్ పెన్నుతో కాగితం మీద రాసి ఎత్తి చూపిస్తే ఆంటీ పలుకుతుంది. నేను వింటూ ఉంటానని నాలుగో నంబరుకు తెలుసు. మిగతావాళ్లకు చెప్పిందో లేదో తెలియదు. ఆంటీ రెండో నిమిషానికే నాలుగో నంబరును "బాజీ", అంటే అక్క, అనడం మొదలుపెట్టింది. వాళ్లు ఆంటీని "ఖాలా" అన్నారు, అంటే పిన్ని. మిగతావాళ్లు మాట్లాడేది వాళ్ల భాష దరీ, అటూ ఇటూ బాజీయే మార్చి చెప్పేది.

మొదటి ఫొటో చైనీస్ ఆంటీది, హెల్మెట్ కూలీది.

"ఈమెకు ఈయన ఏమైతడు?" ఆంటీ అడిగింది.

"భర్త," అని ఒక గొంతు. "కాదు, చిన్నవాడిలా ఉన్నాడు. తమ్ముడు," అని ఇంకో గొంతు. "పనివాడేమో," అని మూడోది.

నేను కాగితం ఎత్తాను.

"ఏమీ కాడంట."

"ఏమీ కాకుండా అంత దగ్గరగా ఎందుకు నిలబడ్డాడు?"

"పచ్చబొమ్మ కోసం. ఈడ అందరు గట్లనే నిలబడతరు. నేను రోజూ నిలబడత. పక్కన ఎవడున్నడో కూడ చూడ."

"అసలు చూడవా ఖాలా?"

"చూసెటట్టు ఉంటే చూడనా!"

గది మొత్తం నవ్వింది. తొమ్మిది మంది ఒకేసారి నవ్వితే మైకు పట్టలేక గరగరమంది. వాళ్లు గీసిన గీతలు తప్ప ఇంకేమీ ఎరగని నాకు అది కొత్తగా ఉంది.

తర్వాతి ఫొటోలో ఓ మూల తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్ బల్లలు పడ్డాయి. ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ ఒకటి. అదేమిటని అడిగారు. ఆంటీ చెప్పింది: "దాన్ని చోప్ అంటరు. ప్యాకెట్ పెట్టి పోతే ఆ జాగ మనదే. తిండి తెచ్చుకునేదాక ఎవరూ ముట్టరు."

"ప్యాకెట్ ఒక్కటే కూర్చుంటుందా?"

"ఒక్కటే."

"దానికి తోడు అక్కర్లేదా ఖాలా?"

మళ్లీ నవ్వు. నాకు కూడా నవ్వొచ్చి, దాన్ని ఆపుకోబోయి పొలమారి గట్టిగా దగ్గాను.

అవతల ఒక్కసారిగా ఏ చప్పుడూ లేదు. కుర్చీ జరిగిన శబ్దం. నేను రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఆంటీని చూశాను. ఆ కాల్ తెగిపోతే ఇంకో కాల్ ఉండదు.

ఆంటీ బెదరలేదు. కావాలనే గొంతు పెంచి, పరదా అవతలికి వినబడేలా చెప్పింది: "నా పిల్లగాడు. నా ఇంట్ల పెరిగినట్టే. జలుబు చేసింది. మాట్లాడడు, గోడ లెక్క కూసుంటడు."

చాలాసేపటికి పరదా అవతల నుంచి ముసలి గొంతు, నెమ్మదిగా, ఉర్దూలోనే అంది: "అల్లం వేసి నీళ్లు కాచి ఇవ్వండి."

కుర్చీ మళ్లీ సర్దుకుంది.

అక్కడి నుంచి పని సాగింది. బాజీ అంది: "ఖాలా, ఏమీ కాడు, ఏమీ కాడు అంటే వీళ్లకు పట్టుబడదు. నాకు కొలత కావాలి. దేన్ని చూసి తేల్చాలి?" అదే నాకూ కావాల్సింది. రాయడం మొదలుపెట్టాను. దూరాన్ని పట్టించుకోవద్దు. చేతులు కలిశాయా చూడు. ఒకరి ముఖం ఒకరి వైపు తిరిగి ఉందా చూడు. ఒకే గొడుగా? ఒకరి సంచీ ఇంకొకరి చేతిలో ఉందా? మధ్యలో పిల్లలున్నారా? వీటిలో ఒక్కటీ లేకపోతే ఒంటరి. బాజీ ఒక్కోదాన్నీ దరీలో చెప్పి, ఎదురు ఉదాహరణలు అడిగింది. భర్తే అయినా మాట్లాడకుండా, ముట్టుకోకుండా నడిస్తే? నేను ఆలోచించి రాశాను: అప్పుడు లైటుకు తెలియదు, మనకూ తెలియదు, ఒంటరి అని పెట్టాలి.

"మా ఆయనతో నడిస్తే నేను ఎప్పుడూ ఒంటరే అన్నమాట," అందొక పెద్దావిడ. ఎవరో ఆమెను గిల్లినట్టు చిన్న అరుపు.

చివరిగా రాసింది: ఎవరైనా సరే, ముందు ఒంటరి అనుకోండి. తోడు ఉందనడానికి రుజువు దొరికితేనే మార్చండి.

ఆంటీ దాన్ని చదివింది. ఆ తర్వాత ఒక చిన్న గొంతు వినబడింది. ఏడో నంబరని బాజీ చెప్పింది. ఆమె దరీలో అంటే బాజీ ఉర్దూలో చెప్పింది.

"మాకు తెలియక కాదు అంటోంది. కొన్ని ఫొటోల్లో ఆ మగవాడు ఏమీ కాడని మాకూ అనిపించేది. కానీ ఒంటరి అని గుర్తు పెడితే, ఆ ఆడమనిషి మీద మేమే చాడీ చెప్పినట్టు ఉంటుంది అంటోంది. పక్కన ఒక మగవాడు ఎలాగూ ఉన్నాడు కదా, ఉంటే ఉండనీ అనుకున్నాం అంటోంది."

తర్వాత ఏడో నంబరే అడిగింది: "ఖాలా, ఈ గుర్తులు చివరికి ఎవరు చూస్తారు?"

ఆంటీ నావైపు చూసింది. నా దగ్గర పెన్ను ఉంది, కాగితం ఉంది. ఆ ఫైళ్లు ఎక్కడెక్కడికి వెళ్తాయో, ఎన్ని చోట్ల ఎన్నేళ్లుంటాయో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. రెండు మాటలు రాశాను.

"ట్రాఫిక్ లైటు," అని చదివింది ఆంటీ. "ఒక్క లైటే చూస్తది బిడ్డా. చూసి, ఆమె దాటేదాక ఆగుతది. గంతే."

"లైటు ఎవరికీ చెప్పదా?"

"దానికి నోరేది?"

కాల్ అయ్యాక ఆంటీ చాయ్ మళ్లీ వేడి చేసింది. నా ముందు పెట్టిన గ్లాసులో అల్లం వాసన. "ఆయన చెప్పిండు గద, తాగు," అంది. తను మాత్రం ఏమీ ముట్టలేదు. బెడోక్ నుంచి బూన్ లే దాకా రైల్లో కూర్చుని, దిగి, స్టేషను బయట క్రాసింగ్ దగ్గర నిలబడ్డాను. పక్కన ఒకామె ఉంది. స్తంభం మీద కెమెరా ఉంది. ఎందుకో తెలియదు, రెండడుగులు పక్కకు జరిగాను.

తర్వాతి బ్యాచ్ క్లయింటు అడిగిన నాణ్యత గీత దాటింది. తేలిగ్గానే దాటింది. "కళ్లజోళ్ల ఖర్చు తప్పింది," అన్నాడు మేనేజరు. సందేహం గుర్తులు ఒక్కొక్కటీ తగ్గుతూ వచ్చాయి. వ్యాఖ్యల పెట్టెలో ఆంటీకి సలాములు, నా జలుబు ఎలా ఉందన్న ప్రశ్నలు. ఒక బ్యాచ్ కాదు, కొన్ని నెలల పని ఖాయమైనట్టు మాట్లాడుకున్నాం.

ఒక ఉదయం బాజీ రాసింది: "ఏడో నంబరు అన్న పని వెతుక్కుంటూ ఇరాన్ వెళ్లాడు. ఈ రోజు తనొక్కతే నడిచి వచ్చింది. ఖాలాకు చెప్పమంది."

ఫోన్ చేసి చెప్పాను. ఆంటీ "అరె వా!" అంది. వెంటనే గొంతు మారిపోయింది. "వద్దను. ఆమెకు చెప్పు బేటా, నా మాటగ చెప్పు, గట్ల రావద్దను. ఈడి ముచ్చట ఆడ నడవదు."

అలాగే రాశాను. జవాబు వచ్చింది: "చెప్పాను. రెండు సందులే కదా అంటోంది."

మరుసటి వారం ఏడో నంబరు పని సున్నా చూపించింది. తర్వాతి రోజూ సున్నా. మూడో రోజు బాజీ రాసింది. ఎప్పటిలాగే వరుసలో, ఒక్కో లైనుకు ఒక్కో సంగతి:

సందు మలుపులో ఆపారు.
ఎవరితో వచ్చావని అడిగారు. కుట్టుపనికి అని చెప్పింది.
సాయంత్రం దాకా ఉంచుకున్నారు. చిన్నాన్న వచ్చి, ఇక ఒంటరిగా పంపనని రాసిచ్చి తీసుకెళ్లాడు.
కుట్టుపని ఎక్కడని మా ఇంటికి వచ్చారు.
గుడ్డలు కప్పేశాం. తిరిగే మిషను మీద నేను చొక్కా చెయ్యి ఒకటి కుట్టాను. చూసి వెళ్లిపోయారు.
చెయ్యి తిరగబడింది. వాళ్లకు తెలియలేదు.

గది బతికిందనుకున్నాను. కానీ ఆ సాయంత్రం నుంచి ఒక్కో ఇంటి మగవాళ్లు వచ్చి బాజీ నాన్నకు క్షమాపణ చెప్పి వెళ్లారు. మా భార్యను ఇక పంపలేం. మా చెల్లెల్ని పంపలేం. పక్కన మగవాడు ఉన్నా సరే, ఆ తలుపు మీద ఇప్పుడు కన్ను పడింది. వాళ్లు చెడ్డవాళ్లు కారని బాజీ రాసింది. ఇన్నాళ్లూ పని మానుకుని రోజూ రెండుసార్లు తీసుకొచ్చి దింపినవాళ్లు వాళ్లే. నా తెర మీద ఒకటో నంబరు సున్నా అయింది. ఎనిమిది, రెండు. తర్వాత మూడు, ఐదు, తొమ్మిది. పెద్దావిడ ఆరో నంబరు అందరికంటే ఆలస్యంగా ఆగింది.

నేను చేసి చూసినవి:

ఎవరింట్లో వాళ్లు పని చేసుకునేలా మార్చమని అడిగాను. ఒప్పందంలో ఒక నియమం ఉంది: సింగపూర్ మనుషులు కనబడే ఫొటోలు తాళం ఉన్న ఒక గది దాటి పోకూడదు, ఇళ్లల్లో ఫోన్ల మీద తెరవకూడదు. ఇక్కడి వాళ్ల గోప్యత కోసం. నియమం మంచిదే, నేనైనా అదే రాసేవాణ్ని. క్లయింటు కుదరదన్నాడు.

ఫొటోలు అక్కర్లేని వేరే పని, అక్షరాలు సరిచూసే పని లాంటిది, మా కంపెనీలో ఏదైనా ఉందేమో వెతికాను. ఉన్నదాన్ని మనుషులు చేయడం ఆపేసి, కంప్యూటరుకే అప్పగించి ఏడాదైంది.

ఇంకో ఇంట్లో గది దొరుకుతుందేమో చూడమని మధ్యవర్తిని అడిగాను. "ఇప్పుడు ఎవరి తలుపు కొట్టమంటారు?" అన్నాడు.

మేనేజరును అడిగాను, కొన్నాళ్లు సగం పనితో నడపమని. "సగం కాదు కదయ్యా, ఒక్క మనిషి మిగిలింది," అన్నాడు. "ఒక్క మనిషిని టీము అని ఏ కాగితం మీద చూపించను?" తర్వాత తల ఎత్తకుండానే అన్నాడు: "మొదలుపెట్టిన బ్యాచ్ ఉందిగా. దాన్ని మాత్రం ఆమెనే పూర్తి చేయనీ. ఆలస్యమైతే నేను చెప్పుకుంటాలే."

చివరికి ఆంటీ ఆ ఇంటికి ఫోన్ చేసింది. ఏం అడగాలో మాకిద్దరికీ తెలియదు, అయినా చేసింది. ఈసారి బల్ల మీద బిస్కెట్లు లేవు. ముసలాయనే ఎత్తాడు. ఆంటీ మాట్లాడి పెట్టేసింది.

"ఏమన్నరు ఆంటీ?"

"మంచిగనే మాట్లాడిండు. బిడ్డను చదివిచ్చుకున్న, ఇగ ఏం చెయ్యాల్నో నాకు తెల్వదమ్మా అన్నడు. మీ పిల్లగానికి దగ్గు తగ్గిందా అని అడిగిండు." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "తగ్గింది అని చెప్పిన. ఇంకేం చెప్పాలె చెప్పు?"

ఇంకో వారం దాకా వెతుకుతూనే ఉన్నాను. స్నేహితులను, పాత కాలేజీవాళ్లను, ముఖం తెలియని వాళ్లను కూడా అడిగాను. అందరూ బాధపడ్డారు. ఒకరిద్దరు మంచి మంచి వ్యాసాలు పంపారు.

బాజీ ఆ బ్యాచ్ ఒక్కతే చేసింది. అది ఆమె సొంత ఇల్లు, నడవాల్సిన సందు లేదు. ఐదు లాప్‌టాప్‌లలో ఒకటే వెలిగేది. తొమ్మిది మంది పని ఒకరు చేస్తే ఎలా నడుస్తుందో అలాగే నడిచింది. మధ్యలో ఒకసారి వ్యాఖ్యల పెట్టెలో రాసింది: "గదిలో ఇప్పుడు గాలి బాగా ఆడుతోంది." ఇంకోసారి నేనే అడిగాను, ఇది అయ్యాక ఏం చేస్తారని. జవాబు మర్నాటికి వచ్చింది: "రెండో మిషను బాగుచేయించాలి. మా నాన్న కుట్టు నేర్చుకో అంటున్నారు. చొక్కా చెయ్యి తిరగబడకుండా కుట్టడం చాలా కష్టం."

నేను ఏదో రాయబోయి, చెరిపేసి, మళ్లీ రాసి, చెరిపేశాను. చివరికి, "పెట్టెలు ఎప్పటిలాగే సరిగ్గా ఉన్నాయి," అని రాశాను.

మామూలుగా ఒక బ్యాచ్‌లో కొన్ని ఫొటోలు ఏరి చూస్తాం. ఇది మొత్తం చూశాను. తప్పులు రెండు దొరికాయి, రెండూ సైకిళ్లే. సందేహం గుర్తు ఒక్కటి కూడా లేదు. వ్యాఖ్యలు లేవు. బంగ్లాదేశ్ కూలీల పక్కన, ఫోను చూసుకునే పెద్దాయనల పక్కన, సైకిలబ్బాయిల పక్కన, ఎవరూ పక్కన లేకుండా, ఆడవాళ్లు రోడ్డు దాటుతున్నారు. ఫ్రేమ్ బయట ఎవరినీ ఊహించలేదు.

తర్వాత ఖాతాలు మూశాను. ఒక్కో ఖాతా మూసేటప్పుడు సిస్టం కారణం ఎంచుకోమంటుంది. రాజీనామా, నాణ్యత లోపం, ఒప్పందం ముగింపు, ఇతరం. తొమ్మిదింటికీ "ఇతరం" ఎంచుకున్నాను.

బ్యాచ్ మూసినప్పుడు సిస్టం తనంతట తను ఒక సారాంశం ఇస్తుంది. వాహనాలు, సైకిళ్లు, చేతికర్రలు, చక్రాల కుర్చీలు ఒక్కో వరుసలో. ఆఖరి వరుస, ఒంటరిగా దాటుతున్న స్త్రీలు: 643.